అంతరిక్ష టెలిస్కోపుల చిత్రాలలో సూర్యుణ్ణి పరిశీలించే పద్ధతి

సూర్యుణ్ణి పరిశీలించడానికి నేడు సొంత టెలిస్కోపు తప్పనిసరి కాదు. నాసా 2010 ఫిబ్రవరిలో ప్రయోగించిన సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ, అంటే ఎస్‌డీఓ, అతినీలలోహిత కిరణాలలో దాదాపు 12 సెకన్లకు ఒకసారి సూర్యబింబాన్ని చిత్రిస్తుంది. ఆ చిత్రాలను హీలియోవ్యూయర్ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఒక కంప్యూటరు, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు.

ముందుగా సమయం సంగతి. అన్ని చిత్రాల మీదా యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయమే ఉంటుంది కనుక, దానికి అయిదున్నర గంటలు కలిపితే మన సమయం వస్తుంది. నోటుపుస్తకంలో మాత్రం యూటీసీనే రాసుకోవడం మంచిది, లేకపోతే తేదీలు తారుమారవుతాయి.

బంగారు రంగులో మెరిసే చిత్రాలతో కాక, ఎస్‌డీఓలోని హెచ్‌ఎంఐ పరికరం తీసే సాధారణ కాంతి చిత్రంతో మొదలుపెట్టాలని నా సలహా. అందులో సౌర మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. మన భూపటాలకు భిన్నంగా ఇక్కడ తూర్పు ఎడమవైపు ఉంటుంది. మచ్చ ఎడమ అంచున కనిపించి, సుమారు రెండు వారాలలో కుడి అంచు దాటి మరుగవుతుంది. అదే పరికరం ఇచ్చే అయస్కాంత చిత్రంలో తెలుపు ఒక ధ్రువాన్ని, నలుపు రెండవ ధ్రువాన్ని సూచిస్తాయి. ఈ రెండూ ఒకదానిలోకొకటి చొచ్చుకుపోయి చిక్కుబడినట్లున్న చోటును గుర్తుపెట్టుకోండి, పెద్ద సౌర జ్వాలలు, అంటే సూర్యుడి మీద ఒక్కసారిగా చెలరేగే వెలుగు విస్ఫోటాలు, ఎక్కువగా అటువంటి చోట్లనే పుడతాయి.

తరువాత అతినీలలోహిత చిత్రాలు. వాటి రంగులు నిజమైనవి కావు, తరంగదైర్ఘ్యాన్ని వెంటనే గుర్తుపట్టడానికి శాస్త్రవేత్తలు అద్దినవి. 171 ఆంగ్‌స్ట్రామ్‌ల (తరంగదైర్ఘ్యాన్ని కొలిచే ప్రమాణం) చిత్రంలో అయస్కాంత రేఖల వెంట ఏర్పడిన ప్లాస్మా (విద్యుదావేశం గల వేడి వాయువు) తోరణాలు, 193లో సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాలోని నల్లని రంధ్రాలు, 304లో అంచున ఎగసే ప్లాస్మా తెరలు బాగా కనిపిస్తాయి. జ్వాలల కోసమైతే కోటి డిగ్రీల వేడిని పట్టుకోగల 131ని చూడాలి.

సాధన కోసం 2024 మే 14ను ఎంచుకుని, 131లో 16:30 నుంచి 17:30 యూటీసీ వరకు చిత్రాలను వరుసగా నడిపించి చూడండి. కుడి అంచున, మధ్యరేఖకు కొంత దిగువన, 13664 అనే సంఖ్య గల క్రియాశీల ప్రాంతం, అంటే మచ్చల గుంపున్న చోటు, ఒక్కసారిగా వెలిగిపోతుంది. ఆ వెలుగు చుట్టూ గుణకారపు గుర్తులా కనిపించే చారలు సూర్యుడి మీదివి కావు, వడపోత పొరకు ఆధారంగా ఉన్న సన్నని జాలీ వల్ల ఏర్పడినవి. అమెరికా వాతావరణ ఉపగ్రహాలైన గోస్‌ల ఎక్స్ కిరణాల గ్రాఫులో ఇదే జ్వాల 16:51కి ఎక్స్8.7 స్థాయిని తాకింది. ఈ గ్రాఫులో సీ నుంచి ఎమ్‌కు, ఎమ్ నుంచి ఎక్స్‌కు వెళ్లే కొద్దీ తీవ్రత పది రెట్లు పెరుగుతుంది.

అయినా లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశాన్ని ఎర్రబరచిన అయస్కాంత తుఫాను, అంటే భూమి అయస్కాంత క్షేత్రంలో రేగిన అలజడి, ఈ జ్వాల వల్ల వచ్చింది కాదు. అది అంతకు ముందే, మే 10, 11 తేదీలలో వచ్చింది. అప్పటికి కొద్దిరోజుల ముందు ఇదే ప్రాంతం భూమికి ఎదురుగా ఉండి, ఇంతకన్నా చిన్న జ్వాలలతో పాటు ప్లాస్మా మేఘాలను మనవైపు విసిరింది. అందువల్ల జ్వాల స్థాయితో పాటు, అది బింబం మీద ఎక్కడ పుట్టిందో తప్పక రాసుకోవాలి.

ఆ మేఘాలను చూడడానికి 1995 డిసెంబరులో ప్రయోగించిన సోహో అంతరిక్ష నౌకలోని లాస్కో కరోనాగ్రాఫులు, అంటే బింబాన్ని మరుగుచేసి చుట్టూ ఉన్న కరోనాను చిత్రించే పరికరాలు, ఉపయోగపడతాయి. సూర్యబింబాన్ని ఒక పళ్లెం కప్పివేయగా, దాని మీద గీసిన తెల్లని వలయం బింబం అసలు పరిమాణాన్ని చూపుతుంది. మేఘం ఆ పళ్లెం చుట్టూ అన్ని వైపులకూ వలయంలా వ్యాపిస్తే అది భూమివైపు గానీ, సరిగ్గా దానికి వ్యతిరేక దిశలో గానీ వెళుతున్నట్లు లెక్క. ఈ ఒక్క చిత్రంతో దిశ తేలదు. అదే సమయానికి 131, 193 చిత్రాలలో మనకెదురుగా ఉన్న ముఖం మీద ఏదైనా జరిగిందా అని చూడాలి. ఏమీ జరగకపోతే అది చాలావరకు వెనుకవైపు ఘటనే. చిత్రం నిండా మంచు కురిసినట్లు తెల్లని చుక్కలు కనిపిస్తే, వేగంగా వచ్చిన ప్రోటాన్లు కెమెరాను తాకుతున్నాయని అర్థం.

మార్చి, సెప్టెంబరు నెలల పరిసరాలలో ఎస్‌డీఓ చిత్రాలు రోజూ కొంతసేపు నల్లబడితే కంగారు పడనవసరం లేదు, ఆ సమయంలో భూమి దానికి అడ్డు వస్తుంది. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1కు మాత్రం ఈ ఇబ్బంది లేదు. భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నందున అది సూర్యుణ్ణి ఎడతెరిపి లేకుండా చూడగలదు. దాని సమాచారం ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నవారికి లభిస్తుంది, కానీ మామూలు ఫోటోల మాదిరిగా కాక శాస్త్రవేత్తలు వాడే ఫిట్స్ ఫైళ్లుగా ఉంటుంది కనుక, పై పద్ధతికి చేయి తిరిగిన తరువాతే అటు వెళ్లడం మేలు.