పికప్‌లో 4హెచ్, 4ఎల్ ఎప్పుడు వేయాలి? ఎలా వేయాలి?

వాన మొదలవగానే 4హెచ్ (నాలుగు చక్రాలకూ శక్తిని పంపే మోడ్) వేసి, వాన వెలిసి రోడ్డు ఆరిపోయాక కూడా అలాగే తిరిగే పికప్‌లు చాలా చూశాను. పార్కింగులో మలుపు తిప్పుతుంటే ముందు చక్రాలు కీచుమంటూ ఎగిరెగిరి పడుతుంటాయి. నడిపేవాళ్లేమో టైరులో గాలి తగ్గిందనుకుంటారు. గాలి తగ్గలేదు, వాడకం తప్పు. ఆల్ వీల్ డ్రైవ్ (బండి తనంతట తానే శక్తిని సర్దుకునేది), పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ (మామూలుగా రెండు చక్రాలతో నడిచి, డ్రైవరు వేసినప్పుడే నాలుగూ తోలేది) రెండూ నాలుగు చక్రాలకూ శక్తిని పంపేవే కానీ, ఒకదాన్ని వాడినట్టు రెండోదాన్ని వాడితే బండి పాడవుతుంది.

1. మీ బండిలో ఏముందో చూసుకోండి

వెనక డోరు మీద ఉన్న 4x4 స్టిక్కరు చూసి ఏదీ తేల్చుకోకండి. గేరు రాడ్ పక్కన చూడండి. అక్కడ 2హెచ్, 4హెచ్, 4ఎల్ అని మాత్రమే ఉన్న లివరో, తిప్పే నాబో ఉంటే అది దాదాపుగా పార్ట్‌టైమే. 2హెచ్ అంటే వెనక రెండు చక్రాలే తోలడం, 4ఎల్ అంటే నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో తోలడం, దాన్నే లో రేంజ్ అంటారు. టొయోటా హైలక్స్, ఇసుజు డి-మ్యాక్స్‌లలో ఎక్కువ భాగం ఇవే. లో రేంజ్ లేకుండా మంచు, ఇసుక లాంటి డ్రైవ్ మోడ్‌లు మాత్రమే ఉంటే ఆల్ వీల్ డ్రైవ్. హోండా రిడ్జ్‌లైన్, ఆల్ వీల్ డ్రైవ్ తీసుకున్న ఫోర్డ్ మావెరిక్, హ్యుందాయ్ శాంటా క్రూజ్ ఈ కోవలోకి వస్తాయి. వీటిలో డ్రైవరు మార్చాల్సింది పెద్దగా ఉండదు.

మధ్యరకం బండ్లు కూడా ఉన్నాయి. మిత్సుబిషి ట్రైటన్‌లో సూపర్ సెలెక్ట్ ఉన్న మోడల్‌కి మధ్యలో ఒక డిఫరెన్షియల్ (రెండు వైపులూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉంటుంది కాబట్టి, దాని 4హెచ్‌ని పొడి రోడ్డు మీదా వాడొచ్చు. 4హెచ్ఎల్‌సీకి తిప్పితే మాత్రం ఆ డిఫరెన్షియల్ బిగుసుకుంటుంది. కొన్ని బండ్లలో 4ఏ అని ఒక ఆటో మోడ్ ఉంటుంది. అంటే 4హెచ్ అనే అక్షరాలకి అన్ని బండ్లలోనూ ఒకే అర్థం లేదు. ఓనర్ మాన్యువల్‌లో ఈ మోడ్‌ల గురించి ఉన్న పేజీలు చదవకుండా నాబ్ ముట్టుకోకూడదు.

2. టైర్లు

నాలుగూ ఒకే సైజు, ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. గాలి కంపెనీ చెప్పినంత ఉండాలి. బండిలో గాలి కొలిచే గేజి, లాగే బెల్టు, పార పెట్టుకోండి. ఇంతకుమించి సామాను అక్కర్లేదు.

3. పార్ట్‌టైమ్ బండిలో పొడి తారు రోడ్డు మీద 4హెచ్ వేయకండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. అందుకే దీన్ని వివరంగా చెబుతున్నాను.

బండి మలుపు తిరిగేటప్పుడు నాలుగు చక్రాలూ నాలుగు వేరువేరు దూరాలు తిరుగుతాయి. కుడి ఎడమల తేడాని ప్రతి ఇరుసులో ఉన్న డిఫరెన్షియల్ సర్దుకుంటుంది. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య తేడాని సర్దడానికి ఆల్ వీల్ డ్రైవ్‌లో మరో డిఫరెన్షియలో, అవసరాన్ని బట్టి జారే క్లచ్ ప్లేట్లో ఉంటాయి. పార్ట్‌టైమ్‌లో ఆ ఏర్పాటే లేదు. 4హెచ్ వేయగానే ట్రాన్స్‌ఫర్ కేస్ (గేరుబాక్సు శక్తిని ముందు వెనక ఇరుసులకి పంచే పెట్టె) ముందు షాఫ్టునీ వెనక షాఫ్టునీ కలిపి బిగించేస్తుంది. ఇక రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే.

ఆ తేడా ఎంతో లెక్క వేసి చూడండి. పెద్ద పికప్ వీల్‌బేస్ దాదాపు 3.1 మీటర్లు. వెనక ఇరుసు మధ్యభాగం 6 మీటర్ల వ్యాసార్ధంతో యూ టర్న్ తీసుకుంటే అది నడిచే దూరం సుమారు 18.8 మీటర్లు. ముందు ఇరుసు ఇంకాస్త బయటి గీత మీద తిరుగుతుంది కాబట్టి దాని దూరం సుమారు 21.2 మీటర్లు. తేడా 2.4 మీటర్లు. 265/65 ఆర్17 సైజు టైరు చుట్టుకొలత దాదాపు అంతే. అంటే ఒక్క యూ టర్న్‌లో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా దాదాపు ఒక చుట్టు ఎక్కువ తిరగాలి. బిగించిన ట్రాన్స్‌ఫర్ కేస్ అందుకు ఒప్పుకోదు.

బురదలో, ఇసుకలో, మంచు మీద అయితే టైరు కొద్దిగా జారి ఆ తేడా పోతుంది. పొడి తారు మీద, సిమెంటు రోడ్డు మీద టైరు జారదు. అప్పుడు ఆ ఒత్తిడి షాఫ్టుల్లో, గేర్లలో మెలిపడి ఉండిపోతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, బండిని ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు ఉంటుంది, నెమ్మదిగా మలుపు తిప్పితే ఎగిరెగిరి పడుతుంది. అలాగే తిప్పుతూ పోతే ముందు టైర్లు అరిగిపోతాయి, యూనివర్సల్ జాయింట్లు, ట్రాన్స్‌ఫర్ కేస్ చెయిన్ దెబ్బతింటాయి. నేరుగా పోతే ఏమీ కాదనేవాళ్లున్నారు. మలుపు లేని రోడ్డు ఎక్కడుంది? ముందు వెనక టైర్ల అరుగుదలలో చిన్న తేడా ఉన్నా, నేరుగా పోయే రోడ్డులోనూ ఒత్తిడి పేరుకుంటుంది.

నాబ్ 2హెచ్‌కి తిప్పినా డ్యాష్‌బోర్డులో లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటే లోపల మెలి ఇంకా వదల్లేదని అర్థం. లివరున్న బండి అయితే లివరు కదలదు. దాన్ని గట్టిగా గుంజకండి, యాక్సిలరేటర్ తొక్కి వదిలించాలని చూడకండి. వెనక ఎవరూ లేరని చూసుకుని, రివర్సు గేరులో కొన్ని మీటర్లు నిదానంగా వెనక్కి రండి. ఇంతకుముందు కుడికి తిరిగి ఉంటే, వచ్చిన దారినే వెనక్కి పోతే మెలి విప్పుకుంటుంది. అలా వీలు కాకపోతే రెండు చక్రాలను రోడ్డు పక్కన కంకర మీదకో మట్టి మీదకో దించి మెల్లగా నేరుగా పోనివ్వండి. కింద టక్‌మని ఒక చప్పుడు వినిపించి లైటు ఆరిపోతుంది. ఆ చప్పుడుకి భయపడక్కర్లేదు, బిగువు వదిలిందంతే.

కొంత తడి కొంత పొడిగా ఉన్న రోడ్డు మాటేమిటని అడుగుతారు. అలాంటి చోట ఆల్ వీల్ డ్రైవ్‌దే పైచేయి, ఒప్పుకోవాలి. వెనక ఖాళీగా ఉన్న పికప్ 2హెచ్‌లో వాన రోడ్డు మీద తేలిగ్గా తోక తిప్పుతుంది. అలాగని పార్ట్‌టైమ్ బండిలో 4హెచ్ వేయకండి. 2హెచ్‌లోనే ఉంచి వేగం తగ్గించండి. రోడ్డంతా జారుడుగా ఉంటేనే 4హెచ్. ఇంకో మాట, నాలుగు చక్రాలు తోలుతున్నాయి కదా అని బ్రేకు ముందే పడదు. బండి ఆగే దూరం టైర్ల మీద, రోడ్డు మీద ఆధారపడుతుంది, డ్రైవ్ మీద కాదు.

4. 4హెచ్ వేసే పద్ధతి

బురదలో దిగకముందే వేయండి, దిగాక కాదు. చాలా బండ్ల మాన్యువల్‌లు గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కూడా వేయొచ్చంటాయి. నా నియమం మాత్రం 40 దాటకూడదు, చక్రాలు నేరుగా ఉండాలి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయాలి. వెనక చక్రాలు కూరుకుపోయి గిర్రున తిరుగుతుంటే ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు. వెనక షాఫ్టు జోరుగా తిరుగుతుంటుంది, ముందుది కదలకుండా ఉంటుంది. ఆ రెండిటినీ ఒక్కసారిగా కలపబోతే పళ్లు రాచుకుంటాయి. చక్రాలు పూర్తిగా ఆగనివ్వండి, అప్పుడు వేయండి.

5. 4ఎల్ వేసే పద్ధతి

బండి ఆపండి. బ్రేకు తొక్కి న్యూట్రల్ చేయండి. నాబ్ తిప్పి, లైటు మినుకుమనడం ఆగి స్థిరంగా వెలిగేదాకా కాచుకుని, అప్పుడే గేరు వేయండి. లైటు ఆగకముందే గేరు వేసేవాళ్ల తొందరపాటే చాలా ట్రాన్స్‌ఫర్ కేస్‌లను రిపేరుకి పంపుతుంది.

4ఎల్‌లో చక్రాలకి అందే బలం చాలా పికప్‌లలో సుమారు రెండున్నర రెట్లు పెరుగుతుంది, వేగం అంతే తగ్గుతుంది. నిటారు గట్టు ఎక్కడానికీ, బరువుతో బురదలోంచి బయటపడటానికీ, రాళ్ల మీద అంగుళం అంగుళం కదలడానికీ ఇదే. దిగుడులో మొదటి గేరు వేసి ఇంజనునే బండిని ఆపనివ్వండి, క్లచ్ తొక్కకండి. తొక్కారా, బండి ఒక్కసారిగా జారుకుంటుంది. ఆల్ వీల్ డ్రైవ్ పికప్‌లలో సాధారణంగా ఈ లో రేంజే ఉండదు. గట్టి నేల మీద తడి రోడ్డుకి అవి భేషుగ్గా పనిచేస్తాయి కానీ, లోతు ఇసుకలో చాలాసేపు కష్టపడితే వాటి క్లచ్ వేడెక్కి, వెనక చక్రాలకి శక్తిని ఆపేసే అవకాశం ఉంది. బరువు మోసుకుని మట్టిదారుల్లో తిరిగేవాళ్లు పార్ట్‌టైమే కొనాలనేది అందుకే.

6. అయినా కదలకపోతే

4ఎల్‌లో కూడా, ముందు ఒక చక్రం, దానికి ఎదురుమూల వెనక చక్రం గాల్లో ఉంటే ఆ రెండే తిరుగుతుంటాయి. ఇరుసుల్లోని మామూలు డిఫరెన్షియళ్ల తీరే అది. వెనక డిఫరెన్షియల్ లాక్ (వెనక రెండు చక్రాలనూ కలిపి తిప్పేది) ఉంటే ఇప్పుడు వేసి, స్టీరింగ్ నేరుగా పట్టి మెల్లగా కదలండి. బయటపడగానే తీసేయండి. లాక్ లేకపోతే పార తీసి చక్రం ముందు తవ్వండి. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ గుంత లోతవుతుందే తప్ప బండి పైకి రాదు.

7. పని అయ్యాక

గట్టి రోడ్డు ఎక్కకముందే, ఇంకా మట్టి మీద ఉండగానే 2హెచ్‌కి తిప్పండి, లైటు ఆరిందో లేదో చూడండి. నెలల తరబడి 4హెచ్ వాడకుండా వదిలేస్తే ముందు భాగాలకి ఆయిలు అందదు. నెలకోసారి అయినా మట్టి లేదా కంకర దారి మీద సుమారు 16 కిలోమీటర్లు 4హెచ్‌లో నడపండి. నీళ్లలోంచి దాటిన బండికి ఇరుసుల ఆయిలు, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిలు తీయించి చూడాలి. అది పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరినట్టే, అప్పటికప్పుడు మార్పించేయండి.