సర్వర్లను రూల్స్‌తో ఆటోమేటిక్‌గా గ్రూప్ చేసే ముందు జాగ్రత్తలు

పేరును బట్టో ఐపీ అడ్రస్‌ను బట్టో సర్వర్లను సాఫ్ట్‌వేర్ తానే గ్రూపుల్లో వేసేలా రాసే షరతే రూల్. దాన్ని ఆన్ చేసే ముందు ఇప్పుడున్న గ్రూపుల సెట్టింగ్స్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. ఏ గ్రూపులో ఎన్ని సర్వర్లున్నాయో కూడా రాసి పెట్టుకోండి. తర్వాత పోల్చి చూడటానికి ఆ అంకెలే ఆధారం.

ఎక్కువ తప్పులు జరిగేది పేర్ల దగ్గరే. "పేరులో వెబ్1 ఉంటే" అని రూల్ రాస్తే వెబ్10, వెబ్11, వెబ్100 కూడా వచ్చి చేరతాయి. పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో రూల్‌లో స్పష్టంగా చెప్పండి. పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడాను మీ సాఫ్ట్‌వేర్ పట్టించుకుంటుందో లేదో ఒక టెస్ట్ సర్వర్ మీద చూడండి. ఐపీ రేంజ్‌తో (నెట్‌వర్క్ అడ్రస్‌ల వరుసతో) రాస్తే ఇంకా జాగ్రత్త: రేంజ్ చివర /24 అంటే 256 అడ్రస్‌లు, పొరపాటున /16 కొడితే 65,536.

గ్రూపుకు ఏమేం తగిలించి ఉన్నాయో చూశారా? అలర్ట్ లిమిట్లు (ఏ స్థాయి దాటితే హెచ్చరిక రావాలో), యాక్సెస్ అనుమతులు, మెయింటెనెన్స్ సమయాలు చాలా టూల్స్‌లో గ్రూపును బట్టే వర్తిస్తాయి. ప్రొడక్షన్ (నిజంగా వాడుకలో ఉన్న) డేటాబేస్ సర్వర్ ఒకటి టెస్ట్ గ్రూపులోకి జారిపోతే, రాత్రి డిస్క్ నిండినా ఎవరికీ మెసేజ్ రాకపోవచ్చు. నాకు అన్నిటికంటే భయం దీని గురించే. అందుకే ప్రివ్యూ లిస్టును (రూల్ ఆన్ చేస్తే ఏ సర్వర్ ఏ గ్రూపులోకి వెళ్తుందో ముందే చూపే జాబితాను) పైపైన కాకుండా ఒక్కో పేరూ చదవండి.

ఒకే సర్వర్ రెండు రూల్స్‌కు సరిపోతే ఏది నెగ్గుతుందో ముందే తేల్చుకోండి.

ఏ రూల్‌కూ దొరకని సర్వర్ల కోసం విడిగా ఒక గ్రూపు పెట్టి, దానికీ అలర్ట్‌లు ఆన్‌లో ఉంచండి. మొదట ఒక్క రూల్‌తో, పగటి పూట, టీమ్ అందుబాటులో ఉన్నప్పుడే మొదలుపెట్టండి.