కారులో పాట, మూడో పాఠం: పరికరం కొనే ముందు దారి చూసుకోండి

పోయిన పాఠంలో కారు నీడలో ఆపి, డ్యాష్‌బోర్డు దగ్గర టార్చి వేసి, స్టీరియోకి ఏమేం సాకెట్లు ఉన్నాయో కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం ఇప్పుడు ముందు పెట్టుకోండి. యూఎస్‌బీ ఉందా? ఆక్స్ అని రాసిన గుండ్రటి రంధ్రం ఉందా? బ్లూటూత్ ఉందా? ఇవేమీ లేక ఒట్టి రేడియో, సీడీయేనా? చాలామంది ముందు పరికరం కొనేసి, దాన్ని కారుకి ఎలా కలపాలా అని ఆ తర్వాత తల పట్టుకుంటారు. మనం ముందు దారి ఖాయం చేసుకుని ఆ తర్వాతే కొందాం.

యూఎస్‌బీ ఉన్న కారుకి పెన్‌డ్రైవ్‌ను మించింది లేదని నా గట్టి నమ్మకం. ఫోన్‌లో ఎన్ని లక్షల పాటలు దొరికినా, హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తూ మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లాక చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. కాల్ వస్తే పాట ఆగిపోతుంది. మ్యాప్ నోరు తెరిచినప్పుడల్లా చరణం సగం పోతుంది. ఇవన్నీ భరించవచ్చు గానీ, పాట మార్చడానికి చెయ్యి ఫోన్ మీదికి, దాని వెనకే కళ్లూ వెళ్లిపోతాయి చూడండి, అది మాత్రం భరించదగింది కాదు. పెన్‌డ్రైవ్ అయితే స్టీరియో మీది బటన్‌ను తడిమి నొక్కితే చాలు.

ఎంత సైజుది కొనాలి? 320 కేబీపీఎస్ (సెకనుకి ఎన్ని కిలోబిట్ల సమాచారమో చెప్పే లెక్క, ఎక్కువైతే నాణ్యత ఎక్కువ) ఎంపీ3 నిమిషానికి సుమారు 2.4 ఎంబీ తింటుంది. 5 నిమిషాల పాటకి 12 ఎంబీ. అంటే 32 జీబీలో దాదాపు 2,500 పాటలు, 200 గంటల పైమాటే. 128 కేబీపీఎస్‌లో నిమిషానికి 1 ఎంబీ లోపే సరిపోతుంది కానీ తాళాలు, గజ్జెల చప్పుడు ఇసుక రాలినట్టు వినిపిస్తుంది. టైర్ల మోత మధ్య 192కి, 320కి తేడా పట్టుకోవడం కష్టం కాబట్టి 192 ఉన్నా దిగులు పడకండి. 128లో ఉన్న పాటను 320కి మార్చుకుంటే మాత్రం సైజు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు, పోయిన స్వరం తిరిగి రాదు.

32 జీబీ దగ్గరే ఆగమనడానికి ఇంకో కారణం ఉంది. 64, ఆపైన ఉన్నవి ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ అనే, ఫైళ్లను అమర్చే పద్ధతిలో వస్తాయి. పాత స్టీరియోలు చాలావరకు ఫ్యాట్32 అనే పాత పద్ధతి తప్ప వేరేది చదవవు. పెన్‌డ్రైవ్ పాడైందనుకుని షాపుకి తిరిగి ఇచ్చేసినవాళ్లను నేను చూశాను. కంప్యూటర్‌లో పెట్టి, ఫార్మాట్‌లో ఫ్యాట్32 ఎంచుకోండి. ఇంకో మాట: గోరంత ఉండే పొట్టి రకం తీసుకోండి. పొడుగుది అయితే మోకాలు తగిలో, వాటర్ బాటిల్ తగిలో కొన్నాళ్లకి సాకెట్టే వదులైపోతుంది.

ఇక పాటలు ఎక్కించడం. దీనికి కొంచెం ఓపిక కావాలి. మా నాన్నగారి కోసం 12 భాగాల రుక్మిణీ కల్యాణం హరికథను 1, 2, 3 అని పేర్లు పెట్టి ఎక్కించాను. కారులో మొదటి భాగం అవగానే పదోది మొదలైంది, తర్వాత 11, 12, ఆ తర్వాత రెండోది. రుక్మిణి సందేశం పంపకముందే పెళ్లి అయిపోయింది. నాన్నగారు పక్క సీట్లోంచి "ఏరా, మధ్యలో కథ ఏమైంది?" అని అడిగితే అప్పుడు అర్థమైంది. స్టీరియోకి అంకెల విలువ తెలియదు, అక్షరాల వరుసే తెలుసు. 1 పక్కన 0 చూసి, 10ని 2 కంటే ముందు పెట్టేసింది. 01, 02 అని రాస్తే గొడవ ఉండదు. ఫైళ్లు 99కి మించితే 001 అని రాయండి.

కొన్ని స్టీరియోలు పేరు అసలు చూడవు, ఏది ముందు ఎక్కించారో అదే ముందు వాయిస్తాయి. అందుకని ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి ఫోల్డర్లను ఒక్కొక్కటిగా, మీకు కావాల్సిన వరుసలోనే పంపండి. పాత మోడళ్లలో తెలుగు లిపి ఉండదు, తెలుగులో పెట్టిన పేర్లు డబ్బాలుగానో ప్రశ్నార్థకాలుగానో కనిపిస్తాయి. మనసు ఒప్పకపోయినా ఫోల్డర్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాయక తప్పదు.

యూఎస్‌బీ లేక ఆక్స్ మాత్రమే ఉంటే, సిమ్ తీసేసిన పాత ఫోన్‌లో పాటలు నింపి, రెండు చివరలా హెడ్‌ఫోన్ పిన్ ఉండే ఆక్స్ వైరుతో స్టీరియోకి కలిపి దాన్నే ప్లేయర్‌గా వాడండి. హెడ్‌ఫోన్ రంధ్రం ఉన్న ఫోన్ అయి ఉండాలి. ఐపాడ్ ఇంట్లో పడి ఉంటే అదీ పనికొస్తుంది (2022లో ఆపిల్ వాటి తయారీ ఆపేసింది కాబట్టి కొత్తది కోసం వెతక్కండి). ఫోన్ వాల్యూమ్ ముప్పాతిక పైన ఉంచి, మిగతాది స్టీరియోలో పెంచుకోవాలి. ఫోన్‌లో తగ్గించి కారులో పెంచితే పాటతో పాటు గరగర కూడా పెరుగుతుంది.

ఆక్స్ వైరు ఉండగానే అదే ఫోన్‌ను కారు ఛార్జర్‌కి కూడా పెడితే, పాట వెనక కుయ్‌మని సన్నటి మోత రావచ్చు. యాక్సిలరేటర్ నొక్కితే ఆ కూత పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ఇంజన్ తిప్పే ఆల్టర్నేటర్ (కారుకి కరెంటు తయారుచేసేది) శబ్దం అది. ఛార్జింగ్ వైరు, ఆక్స్ వైరు రెండూ వేర్వేరు చోట్ల కారు బాడీకి ఎర్త్ అవ్వడం వల్ల పాటలోకి చొరబడుతుంది. మొదటిసారి విన్నప్పుడు స్పీకర్లు పోయాయని టెన్షన్ పడి, మెకానిక్ దగ్గర సగం రోజు కూర్చున్నాను. మీరు ఒక్కసారి ఛార్జర్ పీకి చూడండి. కూత ఆగిపోతే స్పీకర్లు భేషుగ్గా ఉన్నట్టే. ఆక్స్ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న డబ్బీ పెడితే సరిపోతుంది, లేదా ఇంటి దగ్గరే ఛార్జింగ్ నింపుకుని బయల్దేరండి.

బ్లూటూత్ మీద నాకు ఫిర్యాదు లేదు. వైరు లేని హాయి ఉంది, నెట్ పాటలు కాకుండా ఫోన్‌లోకి దించుకున్న పాటలు వినండి, అంతే. ఫోన్‌లోని పాటను కారు రేడియోలో వినిపించే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ మాత్రం వేరే దారే లేనప్పుడు వాడాల్సింది. ఊళ్లో ఖాళీ ఫ్రీక్వెన్సీ దొరకడమే కష్టం, దొరికినా పక్క ఊరు చేరేసరికి అక్కడ ఇంకో స్టేషన్ వచ్చి మీద పడుతుంది.

బ్యాటరీ ఉన్న ఏ ప్లేయర్‌నీ ఎండలో ఆపిన కారులో వదలకండి. ఐఫోన్, ఐపాడ్‌లను 45 డిగ్రీలు మించిన చోట ఉంచొద్దని ఆపిల్ చెబుతుంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసిన కారు లోపల వేడి అంతకంటే చాలా ఎక్కువ. బ్యాటరీ ఉబ్బిపోవచ్చు. దిగేటప్పుడు జేబులో వేసుకోండి. పెన్‌డ్రైవ్‌లో బ్యాటరీ ఉండదు, ఆ బాధా లేదు.

ఈ వారం అభ్యాసం: పది పాటలే తీసుకోండి. అయిదు పాతవి, అయిదు కొత్తవి. 01 నుంచి 10 దాకా అంకెలు వేసి ఎక్కించి, ముందు బండి ఆపి, తర్వాత రోడ్డు మీద నడుపుతూ వినండి. పాత పాట నుంచి కొత్త పాటకి మారగానే ఎన్నిసార్లు వాల్యూమ్ తగ్గించాల్సి వచ్చిందో లెక్కపెట్టి, ఇంటికొచ్చాక అదే కాగితం వెనక రాసుకోండి. పాటలన్నిటినీ ఒకే స్థాయికి తేవడం వచ్చే పాఠంలో చేద్దాం, అప్పుడు ఆ లెక్క కావాలి.