కరెంట్ పోయిన చలిరాత్రి: గెకో, పాము, తాబేలు చల్లబడకుండా చూసుకోవడం

2021 ఫిబ్రవరి 16 ఉదయం డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీలు (ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే). ఆ వారం టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంట్ పోయింది. కొన్ని చోట్ల రోజుల తరబడి రాలేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయితే ఇంట్లో ఇన్వర్టర్ ఉండటం మామూలే. అమెరికాలో మనవాళ్లుండే ఇళ్లలో అది అరుదు. పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న బియర్డెడ్ డ్రాగన్ (ఒక రకం తొండ), లెపర్డ్ గెకో (ఒక రకం బల్లి), బాల్ పైథాన్ (ఒక రకం కొండచిలువ) మాత్రం అద్దాల ట్యాంకుల్లో పూర్తిగా గోడ ప్లగ్గు మీద ఆధారపడి బతుకుతాయి.

సరీసృపం తన ఒంట్లో తాను వేడి పుట్టించుకోలేదు, అందుకే దానికి దుప్పటి ఒక్కటే కప్పితే లాభం లేదు. అలాగని కంగారుపడి ఏదో ఒక వేడి వస్తువు ట్యాంకులో పెట్టేయడం ఇంకా ప్రమాదం. ఒక రాత్రి 65 డిగ్రీలకు దిగినా ఆరోగ్యంగా ఉన్న డ్రాగన్ తట్టుకుంటుంది. పొట్ట కింద 130 డిగ్రీల ప్యాక్ పెడితే తట్టుకోలేదు. చలికి మందగించిన జంతువు కాలుతున్నా పక్కకు జరగదు. కాబట్టి మొదటి పని ఉన్న వేడిని బయటికి పోనివ్వకపోవడం, కొత్త వేడి చేర్చడం తర్వాతి సంగతి.

కరెంట్ పోగానే, ఇంకేదీ చేయకముందే, హీట్ ల్యాంప్, సెరామిక్ హీటర్ (వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చేది), హీట్ మ్యాట్ (ట్యాంకు కింద పరిచే వేడి పట్టీ) ప్లగ్గులు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే తీయాలి. మీరు ట్యాంకు మీద కంబళి కప్పి పడుకుంటారు, అర్ధరాత్రి కరెంట్ వస్తుంది, కంబళి కింద 100 వాట్ల బల్బు వెలుగుతుంది. ఇల్లు అంటుకోవడానికి అది చాలు. ఇది అయ్యాకే కంబళి చేతికి తీసుకోండి. అద్దం మూడు వైపులా, పైనా కప్పి, ముందు వైపు పైభాగంలో రెండంగుళాల సందు గాలి కోసం వదలండి. ట్యాంకును కిటికీ లేని చిన్న గదిలోకి, వీలైతే ఇంట్లో అందరూ కలిసి పడుకునే గదిలోకి మార్చండి. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి దాదాపు 80-100 వాట్ల వేడి వస్తుంది. నలుగురున్న చిన్న గది, తలుపు సందులకు తువ్వాళ్లు పెడితే, ఖాళీ హాలు కన్నా చాలా నిదానంగా చల్లబడుతుంది.

ఎంత చల్లబడితే భయపడాలన్నది జాతిని బట్టి ఉంటుంది. బియర్డెడ్ డ్రాగన్ మన తొండల కుటుంబమే, ఆస్ట్రేలియా లోపలి పొడినేలలది. లెపర్డ్ గెకో అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారత ప్రాంతాలది. రెంటికీ చల్లటి రాత్రులు కొత్త కాదు, 65 దాకా నిశ్చింతగా ఉండొచ్చు. కార్న్ స్నేక్, క్రెస్టెడ్ గెకో కూడా ఆ మాత్రం చలికి ఓర్చుకుంటాయి. పశ్చిమ, మధ్య ఆఫ్రికా నుంచి వచ్చిన బాల్ పైథాన్ విషయంలో మాత్రం 75 దాటి కిందికి పోనివ్వకండి. 70 కన్నా తక్కువలో గంటల తరబడి ఉంటే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది. పిల్ల జంతువులు, జబ్బుతో ఉన్నవి, ఇప్పుడే తిన్నవి ఏ జాతివైనా సరే, ఈ లెక్కలకు ఇంకో ఐదు డిగ్రీలు కలుపుకోండి. అంచనా చేతితో తాకి వేయకూడదు. తీగ చివర ప్రోబ్ (వేడిని కొలిచే మొన) ఉండే బ్యాటరీ థర్మామీటర్ ఒకటి ట్యాంకు నేల దగ్గర ఉండాలి.

ట్యాంకు మీ జంతువుకు పైన చెప్పిన హద్దుకు దిగుతున్నా కరెంట్ జాడ లేకపోతే పెద్ద ట్యాంకును వేడిగా ఉంచే ప్రయత్నం మానేయండి. అద్దం నుంచి వేడి పోతూనే ఉంటుంది. జంతువునే చిన్న చోటికి మార్చాలి. దీనికి గోడలు అంగుళన్నర మందమున్న థర్మోకోల్ పెట్టెను మించింది లేదు. పెట్టె పైభాగంలో పెన్సిల్ లావు రంధ్రాలు నాలుగు పొడవండి. గెకోనైతే గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో టిష్యూ పరిచి, పామునైతే మూతి ముడివేసిన దిండు గలీబులో పెట్టి, ఆ డబ్బాను లేదా గలీబును పెట్టెలో దింపండి. రెండు జంతువులను ఒకే డబ్బాలో పెట్టొద్దు.

ఇప్పుడు వేడి. గ్యాస్ స్టవ్ ఉన్నవాళ్లు బర్నర్‌ను అగ్గిపుల్లతో వెలిగించుకుని నీళ్లు కాచుకోవచ్చు. మరిగించకండి, 120-130 డిగ్రీలు చాలు. మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ సోడా సీసా మెత్తబడి వంకర్లు పోతుంది, మూత దగ్గర కారుతుంది. ఒక లీటరు సీసాలు రెండు నింపి, తువ్వాలు రెండు మూడు చుట్లు చుట్టి, పైన థర్మామీటర్ పెట్టి చూడండి. 90 దాటకూడదు, దాటితే ఇంకో చుట్టు వేయండి. డబ్బాకు ఒక పక్కనే పెట్టాలి, రెండో పక్క చల్లగా ఉండాలి. జంతువు తనకు కావలసిన చోటికి జరగగలగాలి. రెండు మూడు గంటలకోసారి నీళ్లు మార్చాలి. రాత్రంతా లేచి మార్చలేని ఇంట్లో ఈ పద్ధతి ఒక్కటే నమ్ముకుంటే తెల్లవారేసరికి సీసాలు చల్లబడిపోతాయి.

అలాంటి ఇళ్లకు హ్యాండ్ వార్మర్లు (విప్పితే వాటంతటవే వేడెక్కే ప్యాకులు) నయం. చిన్నవి 8-10 గంటలు, సరీసృపాలను కొరియర్‌లో పంపేవాళ్లు వాడేవి 40 గంటలు పనిచేస్తాయి. లోపల ఉన్న ఇనుప పొడి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడెక్కుతుంది. గాలి ఆడని పెట్టెలో ప్యాకు చల్లారిపోతుంది, జంతువుకు కావలసిన ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. పైన చెప్పిన రంధ్రాలు అందుకే. ప్యాకు విప్పి, కదిపి, అరగంట బయట ఉంచి, వేడెక్కాక మందపాటి సాక్సులో వేసి, పెట్టె మూత లోపలి వైపు టేపుతో అంటించండి. అది జంతువున్న డబ్బాలోకి ఎప్పుడూ వెళ్లకూడదు. ఒక పాముకు రెండు రోజుల కోసం 40 గంటల ప్యాకులు మూడు ఇంట్లో ఉంచుకుంటే సరిపోతుంది. పాతబడితే పనిచేయవు, కాబట్టి గడువు తేదీ చూసి ప్రతి నవంబరులో మార్చుకోండి.

కుంపటి, బొగ్గుల గ్రిల్, క్యాంప్ స్టవ్, జనరేటర్ ఇంట్లోకి గానీ గరాజ్‌లోకి గానీ రాకూడదు. గ్యాస్ ఓవెన్ తెరిచి గది వేడి చేసుకోవడం కూడా వద్దు. 2021లో టెక్సస్‌లో ఇలాగే కార్బన్ మోనాక్సైడ్‌తో మనుషులు చనిపోయారు. ఆ వాయువుకు వాసన లేదు. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, తలుపులకు, కిటికీలకు ఎడంగా ఉండాలి. కొవ్వొత్తి మీద పూలకుండీ బోర్లించే చిట్కా కూడా వదిలేయండి. అది ఇచ్చే వేడి కొవ్వొత్తిదే, కుండీ ఏమీ కలపదు, నిప్పు ప్రమాదం మాత్రం మిగులుతుంది.

బ్యాటరీ కొనాలనుకునేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి. 500 వాట్-అవర్ల పవర్ స్టేషన్‌లో (ప్లగ్గులుండే పెద్ద బ్యాటరీ పెట్టెలో) ఇన్వర్టర్ నష్టం పోగా దాదాపు 425 చేతికొస్తాయి. 100 వాట్ల సెరామిక్ హీటర్ ఆపకుండా నడిపితే అవి నాలుగు గంటల్లో హరించుకుపోతాయి. అదే 16 వాట్ల హీట్ మ్యాట్ అయితే 26 గంటలు. థర్మోకోల్ పెట్టెలో థర్మోస్టాట్‌తో (వేడిని బట్టి కరెంట్‌ను ఆపే పరికరంతో) నడిపితే మ్యాట్ ఆగి ఆగి పనిచేస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువే. థర్మోస్టాట్ లేకుండా మ్యాట్‌ను అలాంటి పెట్టెలో పెడితే వేడి పోయే దారి లేక పెరుగుతూనే ఉంటుంది. ప్రోబ్ మ్యాట్‌కూ డబ్బాకూ మధ్య ఉండాలి, 88కి సెట్ చేయండి. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకమే (గోడ ప్లగ్గు లాంటి కరెంట్ ఇచ్చేది) తీసుకోండి, డిమ్మింగ్ థర్మోస్టాట్లు (వేడిని కొద్దికొద్దిగా పెంచి తగ్గించేవి) చవక రకాల మీద సరిగ్గా పనిచేయవు. కంప్యూటర్ కింద ఉండే చిన్న యూపీఎస్ ఆ మ్యాట్‌ను మూడు గంటలకు మించి నడపదు. యూవీబీ లైటు (ఎండలోని అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం) గురించి బెంగ అక్కర్లేదు, నాలుగు రోజులు లేకపోయినా ఏమీ కాదు.

తిండి పెట్టొద్దు. అరగడానికి వేడి కావాలి. చల్లబడిన పాము మింగింది కక్కేస్తుంది, లేదా అది లోపలే కుళ్లుతుంది. వేడి మామూలుకు వచ్చాక కూడా రెండు రోజులు ఆగండి. పాము కక్కి ఉంటే రెండు వారాలు. ట్యాంకులో నీళ్లు చల్లకండి, తడీ చలీ కలిస్తేనే ఊపిరి జబ్బులు. తాగే నీళ్ల గిన్నె ఉంటే చాలు.

నీటి తాబేళ్ల తీరు వేరు. ట్యాంకు నీళ్లే వేడిని చాలాసేపు నిలుపుకుంటాయి, కాబట్టి మొదటి రాత్రి చుట్టూ దుప్పట్లు కప్పి అలాగే ఉంచండి. ఆగిపోయిన క్యానిస్టర్ ఫిల్టర్‌తోనే (ట్యాంకు బయట ఉండి నీళ్లు శుభ్రం చేసే మూసిన డబ్బాతోనే) అసలు తలనొప్పి. కొన్ని గంటల్లో లోపలి నీళ్లు కుళ్లడం మొదలవుతుంది. కరెంట్ రాగానే దాన్ని అలాగే ఆన్ చేస్తే ఆ మురికంతా ట్యాంకులోకే వస్తుంది. ముందు విప్పి, స్పాంజిని ట్యాంకు నీళ్లతో పిండి, ఆ నీళ్లు పారబోసి, తర్వాత బిగించండి.

ఏదీ లేనప్పుడు మన ఒళ్లే ఉంది. చిన్న పామును గుడ్డ సంచిలో, గెకోను చిన్న డబ్బాలో పెట్టి స్వెటర్ లోపల ఉంచుకోవచ్చు. మెలకువగా ఉన్నంతసేపే, నిద్రలో దొర్లితే నలిగిపోతుంది. వాటి ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉంటుంది కాబట్టి తర్వాత సబ్బుతో చేతులు కడగాలి, ఐదేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు.

తెల్లవారి చూస్తే జంతువు బిగుసుకుని కదలకుండా ఉందనుకోండి, చచ్చిపోయిందని వెంటనే తేల్చేయకండి. చలికి గుండె వేగం, ఊపిరి బాగా తగ్గిపోతాయి. వేడినీళ్లలో ముంచొద్దు, నోట్లో ఏమీ పోయొద్దు. 70 డిగ్రీల చోట మొదలుపెట్టి గంటకు ఐదు డిగ్రీల చొప్పున పైకి తీసుకెళ్లండి. మామూలు వేడికి చేరి గంట గడిచినా కదలిక లేకపోతే అప్పుడు డాక్టరును అడగండి.

కరెంట్ వచ్చాక కంబళ్లన్నీ తీసి, ప్లగ్గులు ఒక్కొక్కటే పెట్టండి. థర్మోస్టాట్, టైమర్ సెట్టింగులు మళ్లీ చూడాలి. లోపల బ్యాటరీ లేని డిజిటల్ టైమర్లు సమయం మరిచిపోయి, రాత్రి పూట బల్బులు వెలిగిస్తాయి. ఆపైన రెండు వారాలు గమనించండి. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరుచుకుని ఊపిరి తీయడం, గురగురమనే చప్పుడు, వీటిలో ఏది కనిపించినా సరీసృపాలను చూసే ఎగ్జాటిక్ వెట్ దగ్గరికి ఆ రోజే తీసుకెళ్లండి. కుక్కలను, పిల్లులను మాత్రమే చూసే క్లినిక్ దీనికి పనికిరాదు, ఎగ్జాటిక్ వెట్ నంబరు చలికాలం రాకముందే ఫోన్‌లో ఉండాలి.