పర్లాకిమిడి వైపు మొదటి బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొనేవారు చూసుకోవలసినవి

ఒడిశాలోని గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతి తూటాకూ బోల్టు అనే కడ్డీని పిడి పట్టి చేత్తో వెనక్కూ ముందుకూ ఆడించే రైఫిల్, కొనాలనుకునే తెలుగువారిలో చాలామంది మనసులో జింక వేట మాట ఎక్కడో ఒక మూల ఉంటుంది కాబట్టి ముందుగా ఆ సంగతి తేల్చుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో జింకను, దుప్పిని, కణుజును వేటాడటం నేరం. కొరాపుట్ వైపు చైత్ర పర్వంలో వేటకు వెళ్లే ఆనవాయితీ ఎంత పాతదైనా చట్టం దానికి మినహాయింపు ఇవ్వలేదు. ఆయుధ లైసెన్సు చేతిలో ఉన్నంత మాత్రాన జంతువును కాల్చే హక్కు రాదు. పంటను నాశనం చేస్తున్న జంతువు విషయంలో కూడా, అది చట్టం అందుకు వీలిచ్చిన జాబితాలోనిదైతేనే, చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ గాని ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణాలు చూపి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చాకే ఏదైనా చేయవచ్చు.

అడవిపంది మొక్కజొన్న చేలో పడుతోందని రైఫిల్ కోసం తిరిగేవారికి ఇంకొక మాట. పంట రక్షణకు 1959 నాటి ఆయుధాల చట్టమే మందు కూరి పేల్చే తుపాకీని, అది చాలదని అధికారి నమ్మితే లోపల చాళ్లు లేని నునుపు గొట్టం తుపాకీని ఉద్దేశించింది. దీని వెనుక సబబైన కారణం ఉంది. పన్నెండు బోరు తుపాకీ గుళ్లు కొన్ని వందల మీటర్లలో బలం కోల్పోయి నేల రాలతాయి గాని, రైఫిల్ తూటా గురి తప్పితే కిలోమీటర్లు పోతుంది. కొండవాలున గుడిసెలు, చేలలో మంచెలు, మంచెల మీద మనుషులు ఉండే మన ప్రాంతంలో రాత్రిపూట టార్చిలైటు వెలుగులో రైఫిల్ పేల్చడం కన్నా ప్రమాదకరమైన పని మరొకటి లేదని నా అభిప్రాయం. కనుక పంట ఒక్కటే కారణమైతే రైఫిల్ ఆలోచన మానుకోవడం మంచిది. ఆత్మరక్షణ కోసమో, గురి సాధన కోసమో, తాతల నాటి ఆయుధం వారసత్వంగా వస్తున్నందువల్లనో రైఫిల్ లైసెన్సుకు దరఖాస్తు చేసుకునేవారికే ఇకమీద చెప్పేదంతా వర్తిస్తుంది.

లైసెన్సు ఇచ్చేది జిల్లా కలెక్టరు. పోలీసు విచారణ, ఆయుధం వాడే పద్ధతిలో శిక్షణ, వైద్య ధ్రువపత్రం అన్నీ అందులో భాగమే. 2019 సవరణ తరువాత సాధారణంగా ఒక మనిషి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండరాదు, లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. ఇంట్లో ఇప్పటికే రెండు పాత తుపాకులు తన పేరున ఉన్నవారు కొత్తదాని జోలికి వెళ్లే ముందు ఈ లెక్క చూసుకోవాలి. సరిహద్దు మనుషులు మరువకూడనిది చెల్లుబాటు ప్రాంతం. లైసెన్సు ఒడిశా వరకే అని రాసి ఉంటే పర్లాకిమిడి నుంచి పక్కనే ఉన్న పాతపట్నానికి తుపాకీతో వెళ్లినా లైసెన్సు లేని ఆయుధంతో తిరిగినట్టే లెక్క. చుట్టరికాలు, పొలాలు రెండు వైపులా ఉన్నవారు దరఖాస్తు దశలోనే ఈ విషయం తేల్చుకుంటే తరువాత కలెక్టరాఫీసు చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

ఇక ఎంపిక. మన దేశంలో రైఫిల్ కన్నా ముందు తూటాను ఎంచుకోవాలి, ఎందుకంటే తూటా దొరకని రైఫిల్ గోడకు వేలాడదీయడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. పాత సంస్థానాల కుటుంబాల్లో విదేశాల్లో తయారైన అందమైన రైఫిళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి; వాటికి తూటా దొరకడం ఎంత కష్టమో వాటిని ఉంచుకున్నవారికే తెలుసు. సాధారణంగా మనకు దక్కేది .315 (ఇలాంటి అంకెలు అంగుళాల్లో గొట్టం లోపలి కొలతకు గుర్తు). సైన్యం వాడే .303ను పౌరుల చేతికి ఇవ్వడం ఇష్టంలేని బ్రిటిష్ ప్రభుత్వం దానిని నిషేధించడంతో, 8 మిల్లీమీటర్ల మాన్లిషర్ తూటా ఆధారంగా వచ్చిన ఈ .315 మన దేశంలో స్థిరపడింది. బెంగాల్లోని ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దీనిని లీ ఎన్‌ఫీల్డ్ తరహా బోల్టుతో తయారుచేస్తూ వచ్చింది. 2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు సంస్థలుగా విడదీసినప్పుడు ఆ ఫ్యాక్టరీ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చింది. ఇదే ఫ్యాక్టరీ పేరున .30-06 స్పోర్టింగ్ రైఫిల్ కూడా ఉంది. 1906లో అమెరికా సైన్యం చేపట్టిన ఆ తూటా .315 కన్నా వేగంగా, చదునుగా పోతుంది, భుజం మీద దెబ్బ కూడా అంతే గట్టిగా వేస్తుంది. మునుపు ఎన్నడూ రైఫిల్ పట్టనివారికి నేను మొదట చెప్పేది .22. దెబ్బ దాదాపు ఉండదు, తూటా చవక, ఊపిరి, గురి, ట్రిగ్గర్ మీద వేలి ఒత్తిడి దీనితోనే కుదురుకుంటాయి. చిన్నది కదా అని తేలికగా తీసుకోకూడదు. దాని తూటా కూడా కిలోమీటరు దాటి పోగలదు.

దుకాణంలో రైఫిల్ చేతికి అందగానే మొదట బోల్టు తెరిచి, గొట్టం వెనుక గదిలోనూ మ్యాగజైనులోనూ తూటా లేదని కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. అమ్మేవాడు ఖాళీయే అని చెప్పినా సరే. ఆ తరువాత బోల్టును నెమ్మదిగా అయిదారుసార్లు ఆడించాలి. లీ తరహా బోల్టును ముందుకు తోసేటప్పుడు చివరి అంగుళంలో స్ప్రింగు ఎదురు తన్నడం తెలుస్తుంది. తూటాను పేల్చే పిన్ను వెనక్కి నొక్కుకునేది అప్పుడే కాబట్టి అది లోపం కాదు. మౌజర్ అనే మరో తరహా బోల్టులో ఆ బిగువు పిడి పైకి ఎత్తేటప్పుడు వస్తుంది. ఇసుక రాసినట్టు గరగరలాడితే మాత్రం అనుమానించాలి. తరువాత బోల్టు బయటికి తీసి, వెనుక భాగాన తెల్ల కాగితం పట్టి, పగటి వెలుగులో మూతి వైపు నుంచి లోపలికి చూస్తే చాళ్లు మెలి తిరుగుతూ అంచులు పదునుగా కనిపించాలి. మధ్యలో ఎక్కడైనా నల్లని ఉంగరం లాంటి వలయం కనిపిస్తే, ఎప్పుడో గొట్టంలో ఏదో అడ్డుపడి ఉండగా పేల్చడం వల్ల అక్కడ గొట్టం ఉబ్బిందని అర్థం. అలాంటి రైఫిల్ ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

పాతది కొనేవారు బోల్టు మీది నంబరు, రైఫిల్ ఒంటి మీది నంబరు ఒకటేనా అని చూడాలి. వేరే రైఫిల్ బోల్టు తెచ్చి అమర్చి ఉంటే బోల్టు ముఖానికీ తూటా అడుగుకూ మధ్య ఉండవలసిన కొలత తప్పిపోయి, పేల్చినప్పుడు తూటా డొల్ల చీలే ప్రమాదం ఉంది. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలి, తరువాత సేఫ్టీ తీసినప్పుడు పిన్ను దానంతట అది పడిపోకూడదు. .315 తూటాకు అడుగున అంచు ఉంటుంది కాబట్టి మ్యాగజైనులో పేర్చేటప్పుడు పై తూటా అంచు కింది దానికి ముందు ఉండాలి. వెనక పడితే రెండూ చిక్కుకుని బోల్టు కదలదు. మందు లేని డమ్మీ తూటాలతో మ్యాగజైను నింపి, అన్నింటినీ లోపలికి ఎక్కించి బయటికి తీయించి చూపమని అడగడంలో మొహమాటం అక్కరలేదు.

ఒంటికి సరిపోవడం చాలామంది పట్టించుకోని విషయం. రైఫిల్ మడమను, అంటే భుజానికి ఆనే వెనుక కర్ర భాగాన్ని, మోచేతి మడతలో ఆనించినప్పుడు చూపుడువేలి కొస కణుపు ట్రిగ్గర్‌కు హాయిగా అందాలి. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి, చెంప ఆనించి కళ్లు తెరిచినప్పుడు గురి చూసే రెండు ఆనవాళ్లూ మెడ సాచకుండానే ఒక వరుసలో కనబడాలి. పొట్టివారికి, ఆడవారికి మడమ పొడవు ఎక్కువైతే వడ్రంగి చేత కొంత తీయించవచ్చు. గొట్టానికి, లోపలి భాగాలకు మాత్రం లైసెన్సు ఉన్న ఆయుధాల మరమ్మతుదారు తప్ప ఎవరూ చేయి పెట్టకూడదు. స్కోపు పెట్టుకునే ఆలోచన ఉంటే అందుకు రంధ్రాలు, పట్టీలు ముందే ఉన్నాయో లేదో చూసుకోవాలి. వంద మీటర్లలోపు సాధనకు ఇనుప గురి చాలు.

అమెరికాలో స్థిరపడ్డ బరంపురం, పర్లాకిమిడి పిల్లలు అక్కడ చట్టబద్ధంగా తెల్లతోక జింక వేటకు వెళుతుంటారు కాబట్టి వారి కోసం రెండు మాటలు. అక్కడ రుగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్, మోస్‌బర్గ్ పేట్రియట్ కొత్తవారి ధరలో దొరికే మంచి బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు. తూటాల్లో దెబ్బ తక్కువ కావాలంటే .243 వించెస్టర్ గాని 6.5 క్రీడ్‌మోర్ గాని, ఏ ఊళ్లోనైనా తేలికగా దొరకాలంటే .308 గాని తీసుకోవచ్చు. హెచ్-1బి వంటి వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. అందుచేత రైఫిల్ కన్నా ముందు ఆ లైసెన్సు, దానికి కావలసిన శిక్షణ పూర్తిచేసుకోవాలి. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకు సీసం తూటాలు వాడరాదు.

తిరిగి మన ఊరికి వస్తే, కొన్న తరువాత రైఫిల్‌కు పెద్ద శత్రువు వానాకాలం. పేల్చిన రోజునే గొట్టం లోపల వెనుక నుంచి మూతి వైపుకు గుడ్డతో తుడిచి పలచగా నూనె రాయాలి. మూతి వైపు నుంచి కడ్డీ దూర్చితే అంచు అరిగి గురి చెడుతుంది. తోలు సంచిలో, గుడ్డ తొడుగులో నెలల తరబడి ఉంచితే తేమ పట్టి తుప్పు పడుతుంది, కాబట్టి తాళమున్న ఇనుప బీరువాలో గాలి ఆడేలా నిలబెట్టి, తూటాలను వేరే తాళం కింద ఉంచాలి. ఎన్నికల ప్రకటన వెలువడ్డాక పోలీసుస్టేషన్లో అప్పగించమని ఉత్తర్వు వస్తే, ఇచ్చే ముందు నూనె దట్టంగా రాసి, రసీదులో రైఫిల్ నంబరు అంకె అంకె సరిచూసుకుని, గొట్టం, మడమ ఎలా ఉన్నాయో ఫోనులో ఫోటో తీసి ఉంచుకోవాలి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే బోల్టు తెరిచి చూసుకున్నాకే సంతకం పెట్టాలి.