బండి హ్యాండిల్‌కు బిగించిన ఫోన్: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ద్విచక్ర వాహనం హ్యాండిల్‌కు హోల్డర్ బిగించి, అందులో ఫోన్ పెట్టి, మ్యాప్ చూసుకుంటూ వెళ్లడం ఇప్పుడు నగరాల్లోనే కాదు, మండల కేంద్రాల్లో కూడా మామూలైపోయింది. జేబులోనో చేతిలోనో ఉండటానికి తయారైన వస్తువును ఇంజన్ అదురు, ఎండ, వాన, గుంతల కుదుపుల మధ్య గంటల తరబడి ఉంచినప్పుడు కొన్ని ఇబ్బందులు తప్పవు. వాటిలో చాలా వరకు ఫోన్‌లోని లోపాలు కావు, దాన్ని పెట్టిన చోటు వల్ల వచ్చినవి. కనుక రిపేరు షాపుకు వెళ్లే ముందు లక్షణాన్ని బట్టి కారణాన్ని వెతకడం మేలు. బండి నడుస్తున్నంతసేపూ ఫోన్ జేబులో ఉండి, మలుపుల సూచన మాత్రం చెవికి వినిపించడమే అన్నిటికన్నా మంచి పద్ధతి అని నా గట్టి అభిప్రాయం. హ్యాండిల్ మీద పెట్టక తప్పని వారి కోసం మిగతా మార్గాలు కూడా ఇస్తున్నాను.

కెమెరా తెరిస్తే దృశ్యం వణుకుతోంది, ఫొటోలు అలికినట్టు వస్తున్నాయి

అన్నిటికన్నా ఖరీదైన నష్టం ఇదే. ముందుగా ఫోన్‌ను కదలకుండా పట్టుకుని గోడ మీది క్యాలెండర్‌ను కెమెరాలో చూడండి. చేయి నిలకడగా ఉన్నా అంకెలు సన్నగా అలల్లా ఊగుతుంటే, కెమెరాను చెవి దగ్గర పెట్టినప్పుడు గుయ్‌మనే చిన్న శబ్దం వినిపిస్తే, అద్దం మసకబారడం కారణం కాదని అర్థం. తర్వాత అదే దృశ్యాన్ని అల్ట్రావైడ్ కెమెరాతోనూ సెల్ఫీ కెమెరాతోనూ చూడండి. అవి బాగుండి ప్రధాన కెమెరా ఒక్కటే వణుకుతుంటే, అనుమానం చాలా వరకు ఆప్టికల్ ఇమేజ్ స్టెబిలైజేషన్ అనే భాగం మీదికే వెళుతుంది.

మన చేతి వణుకు ఫొటోలో పడకుండా, గైరోస్కోప్ (ఫోన్ కదలికను కొలిచే సెన్సర్) పసిగట్టిన కదలికకు ఎదురు దిశలో లెన్స్‌ను జరిపే అతి సున్నితమైన ఏర్పాటు అది. లెన్స్ గట్టిగా బిగించి ఉండదు, కదలడానికి వీలుగా వేలాడుతూ ఉంటుంది. ఇంజన్ అదురు ఛాసీ ద్వారా, హ్యాండిల్ ద్వారా ఫోన్‌కు చేరి, రోజుల తరబడి ఆ భాగాన్ని కుదుపుతూనే ఉంటే దాని పనితీరు దెబ్బతినవచ్చు. 2021 సెప్టెంబరులో ఆపిల్ సంస్థ స్వయంగా ఈ హెచ్చరిక చేసింది. ఎక్కువ శక్తి గల ఇంజన్లున్న మోటార్‌సైకిళ్లకు ఐఫోన్‌ను బిగించవద్దని, చిన్న ఇంజన్ లేదా ఎలక్ట్రిక్ స్కూటర్లకైనా అదురును తగ్గించే హోల్డర్ వాడమని చెప్పింది. ఈ కదిలే లెన్స్ ఏర్పాటు ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

ఒకసారి దెబ్బతిన్న భాగం సెట్టింగులు మార్చినందువల్లో, ఫోన్‌ను రీసెట్ చేసినందువల్లో బాగుపడదు, కెమెరా మాడ్యూల్ మార్పించవలసిందే. మార్పించాక మళ్లీ అదే హోల్డర్‌లో పెడితే కొత్తదానికీ అదే గతి పడుతుంది. కాబట్టి రబ్బరు లేదా సిలికాన్ బుష్‌లతో అదురును మింగే హోల్డర్ తీసుకోవాలి, దాన్ని వెనుక చూసే అద్దం కాడకు కాకుండా హ్యాండిల్ మధ్యలో, హ్యాండిల్‌ను బండికి పట్టి ఉంచే క్లాంపుకు వీలైనంత దగ్గరగా బిగించాలి. అద్దం కాడ పొడవైనది కనుక దాని చివర ఊపు ఎక్కువగా ఉంటుంది. ఇలాంటి హోల్డర్ కూడా నష్టాన్ని తగ్గిస్తుందే తప్ప పూర్తిగా ఆపదు.

రోజంతా ఆర్డర్లు అందించే డెలివరీ కుర్రాళ్లకు ఫోన్ జేబులో పెట్టుకోమని చెప్పడం తేలికే గానీ, వాళ్ల పని అలా సాగదు. వీలైతే దారి చూడటానికి ఒక చవక ఫోన్‌ను కేటాయించుకోవడం మంచిది. ప్రారంభ ధరల ఫోన్లలో ఈ కదిలే లెన్స్ ఏర్పాటు సాధారణంగా ఉండదు కాబట్టి ఈ రకమైన నష్టం అంతగా ఉండదు.

ఛార్జింగ్ గుర్తు కనిపిస్తోంది, అయినా శాతం తగ్గుతూనే ఉంది

కారణం రెండింటిలో ఒకటి. ఎండలోనే ఇలా జరిగి రాత్రి ప్రయాణంలో బాగుంటే కారణం వేడి. రాత్రి కూడా ఇలాగే ఉంటే ఛార్జర్‌నో కేబుల్‌నో అనుమానించాలి.

బండి బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను 5 వోల్టులకు తగ్గించి యూఎస్‌బీ ఛార్జర్ ఫోన్‌కు అందిస్తుంది. చవక ఛార్జర్ నుంచి వచ్చేది 1 ఆంపియర్ అయితే మొత్తం శక్తి 5 వాట్లే. పూర్తి వెలుతురులో తెర, జీపీఎస్, మొబైల్ డేటా కలిసి అందులో చాలా భాగాన్ని అక్కడికక్కడే వాడేసుకుంటాయి. కనీసం 2 ఆంపియర్లు ఇచ్చే మంచి ఛార్జర్ వేయించండి. దాన్ని నేరుగా బ్యాటరీకి కాకుండా, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకు ఫ్యూజ్‌తో కలిపించండి. లేకపోతే బండి నిలిపి ఉన్నప్పుడు కూడా బ్యాటరీ కొంచెం కొంచెంగా దిగిపోయి, ఒక ఉదయం సెల్ఫ్ స్టార్ట్ పలకదు. కేబుల్‌ను బిగుతుగా లాగి కట్టకూడదు. అదురుకు దాని పిన్ ఛార్జింగ్ పోర్టును లోపల ఒరుసుకుంటూ వదులు చేస్తుంది.

మధ్యాహ్నం తెర వెలుతురు దానంతట అదే తగ్గిపోతోంది, వేడెక్కిందని హెచ్చరిక వస్తోంది

ఐఫోన్‌ను వాడదగిన పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ అని తయారీదారే పేర్కొన్నాడు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో నీడలోనే 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. నేరుగా ఎండ తగిలే నల్లని ఫోన్ పరిస్థితి ఇంకెలా ఉంటుందో ఊహించవచ్చు. తనను తాను కాపాడుకోవడానికే ఫోన్ వెలుతురు తగ్గిస్తుంది, ఛార్జింగ్ నిలిపివేస్తుంది. అప్పుడు చేయవలసింది కేబుల్ తీసి, వెనుక కవరు తీసి, నీడలో కాసేపు ఉంచడం. చల్లటి నీళ్ల సీసాకు ఆనించడం, ఫ్రిజ్‌లో పెట్టడం వంటివి చేస్తే లోపల తేమ చేరుతుంది. ప్లాస్టిక్ జిప్ సంచి లాంటి హోల్డర్లు గాలి ఆడనివ్వవు కనుక వేసవిలో వాటిని వాడకపోవడమే మంచిది.

తెర సరిగా కనిపించక పదే పదే కిందికి చూడవలసి వస్తోంది

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి 2 సెకన్లలో 33 మీటర్లు దాటుతుంది. ఆ 33 మీటర్లూ రోడ్డు చూడకుండా వెళ్లినట్టే. వెలుతురు పెంచితే వేడి, బ్యాటరీ సమస్యలు మళ్లీ మొదటికి వస్తాయి కనుక అసలు పరిష్కారం మాట ద్వారా సూచన వినడమే. గూగుల్ మ్యాప్స్‌లో తెలుగు వాయిస్ కూడా ఎంచుకోవచ్చు. బయటి హారన్లు వినిపించేంత తక్కువ శబ్దంతో, హెల్మెట్‌లో అమర్చే బ్లూటూత్ స్పీకరు వాడితే సరిపోతుంది. చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2020 అక్టోబరు 1 నుంచి అమలైన కేంద్ర మోటారు వాహన నియమాల సవరణ ప్రకారం, నడుపుతున్నప్పుడు ఫోన్ లాంటి చేతి పరికరాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రత చెదరకుండా వాడాలి.

సిగ్నల్ దగ్గర ఆగితే బాణం గుండ్రంగా తిరుగుతోంది, ఫ్లైఓవర్ కింద దారి తప్పుతోంది

బండి కదులుతున్నప్పుడు ఫోన్ తన దిశను వరుస జీపీఎస్ స్థానాలను బట్టి లెక్కిస్తుంది. ఆగినప్పుడు లోపలి దిక్సూచి మీద ఆధారపడుతుంది. హోల్డర్‌లో అయస్కాంతం ఉన్నా, పక్కన ఇనుము ఎక్కువగా ఉన్నా ఆ దిక్సూచి తడబడుతుంది. అయస్కాంతం లేని హోల్డర్‌కు మారి, ఫోన్‌ను చేత్తో 8 అంకె ఆకారంలో తిప్పి సరిచేయండి. ఎటు తిరగాలో అనుమానంగా ఉంటే పది మీటర్లు ముందుకు కదలండి, బాణం సర్దుకుంటుంది.

ఫ్లైఓవర్ విషయం వేరు. హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు సాగే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కింద ప్రయాణిస్తుంటే పైనున్న కాంక్రీటు ఉపగ్రహ సంకేతాలను అడ్డుకుంటుంది. మీరు కింద ఉన్నారో పైన ఉన్నారో మ్యాప్ తేల్చుకోలేదు. అక్కడ అత్తాపూర్ వాసులు చిరునామా చెప్పే పద్ధతే ఉత్తమం: పిల్లర్ నంబరు అడిగి తెలుసుకుని దాన్ని చూసుకుంటూ వెళ్లండి. మ్యాప్‌లో కారు గుర్తు కాకుండా 2017 డిసెంబరులో మన దేశంలో మొదలైన ద్విచక్ర వాహన మోడ్ ఎంచుకున్నారో లేదో కూడా చూసుకోండి. కారు గుర్తుతో వెళితే ద్విచక్ర వాహనాలకు అనుమతి లేని ఔటర్ రింగు రోడ్డు మీదికి అది దారి చూపవచ్చు.

అడవిలోకి వెళ్లగానే మ్యాప్ ఖాళీగా కనిపిస్తోంది

జీపీఎస్ పనిచేయడానికి ఇంటర్నెట్ అవసరం లేదు, మ్యాప్ బొమ్మ దిగడానికే అవసరం. మన్ననూరు చెక్‌పోస్టు దాటి శ్రీశైలం వైపు నల్లమలలోకి వెళ్లాక చాలా దూరం సిగ్నల్ ఉండదు కాబట్టి ఆ ప్రాంతపు ఆఫ్‌లైన్ మ్యాప్‌ను ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకోవాలి. నెట్‌వర్క్ ఉంటే ఉపగ్రహాల వివరాలు క్షణాల్లో అందుతాయి. లేకపోతే ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలు పంపడానికే 30 సెకన్లు పడుతుంది, కనుక సిగ్నల్ ఉండగానే మ్యాప్ తెరిచి ఉంచుకోండి. ఆ అడవి గేట్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటాయి. మ్యాప్ చూపే ప్రయాణ సమయాన్ని మాత్రమే నమ్మి సాయంత్రం బయలుదేరవద్దు.

వానలో తెర దానంతట అదే నొక్కుకుపోతోంది

తెర మీది నీటి బొట్టునే ఫోన్ వేలిగా భ్రమిస్తుంది. బయలుదేరే ముందే గమ్యం పెట్టి, తెర ఆర్పి, ఫోన్‌ను రెయిన్‌కోటు లోపలి జేబులో వేసి వాయిస్ వింటూ వెళ్లండి. ఛార్జింగ్ పోర్టులో తేమ ఉందని హెచ్చరిక వస్తే కేబుల్ పెట్టవద్దు. పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని చేతికి మెల్లగా తట్టి, గాలి తగిలే చోట ఆరనివ్వండి. బియ్యం డబ్బాలో పెడితే నూకలూ దుమ్మూ పోర్టులో ఇరుక్కుంటాయి.