ఫైర్ స్టేషన్‌కి మెడికల్ కిట్ ఇద్దామనుకుంటున్నారా? కొనే ముందు ఇది చదవండి

మన ఊరి ఫైర్ స్టేషన్‌కి ఏదైనా చేద్దాం అనగానే అందరూ ముందు అంబులెన్స్ అంటారు. వద్దండి. ఆస్పత్రికి చేర్చడానికి 2005 నుంచి 108 ఉంది. ఫైరింజన్ ముందు చేరి, 108 ఇంకా దారిలో ఉన్న ఆ కాసేపు సిబ్బంది చేతిలో ఏముండాలో అది కొనండి చాలు.

అన్నిటికంటే ముందు ఆక్సిజన్. బి టైప్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు, నిమిషానికి 15 లీటర్లు వదిలినా గంటన్నర దాటి వస్తుంది. మాస్కు మాత్రం సంచి ఉండే నాన్ రీబ్రీదర్ తీసుకోండి, లోపలి వాల్వ్‌ని వేలితో మూసి సంచి నిండాకే మొహానికి పెట్టాలని చేసి చూపించండి. రెగ్యులేటర్ బిగుసుకుందని నూనో గ్రీజో రాస్తే మాత్రం కొంప మునుగుతుంది, ఆక్సిజన్ తగిలి అదే అంటుకుంటుంది, అందుకే పంపు దగ్గర పనిచేసిన చేతులతో వాల్వ్ ముట్టుకోవద్దని డ్రైవర్ ఆపరేటర్లకి మరీ మరీ చెప్పాలి.

ఇంకో తిరకాసు, పల్స్ ఆక్సీమీటర్. పొగలోంచి బయటికి తెచ్చిన మనిషికి పెడితే 98 చూపించొచ్చు, ఎందుకంటే రక్తంలో చేరిన కార్బన్ మోనాక్సైడ్‌ని కూడా అది ఆక్సిజన్ కిందే లెక్కేస్తుంది. తల తిరుగుతోందన్నా, వాంతి వస్తోందన్నా అంకె చూడకుండా ఆక్సిజన్ పెట్టేయాలి.

కాలిన గాయాలకి పెద్ద సామానేం అక్కర్లేదు. శుభ్రమైన నీళ్ల క్యాన్లు, బర్న్ డ్రెస్సింగ్‌లు, బట్టలు కోసే కత్తెర. 20 నిమిషాలు నీళ్లు ధారగా పోయాలి, వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి, చర్మానికి అతుక్కున్న బట్ట లాగకూడదు. చుట్టూ చేరినవాళ్లు టూత్‌పేస్టో ఇంకోటో తెస్తారు, వాళ్లని ఆపడం కూడా ట్రైనింగ్‌లో భాగమే!

టోర్నికెట్, అంటే రక్తం ఆగడానికి చేతికో కాలికో కట్టి పుల్ల తిప్పి బిగించే పట్టీ, చవగ్గా దొరికిందని కొనకండి, నకిలీవాటికి తిప్పేటప్పుడు పుల్ల విరిగిపోతుంది. బిగించిన టైమ్ రాయడానికి పక్కనే ఒక మార్కర్ పెట్టండి.

ఏఈడీకి, అంటే ఆగిన గుండెకి షాక్ ఇచ్చే యంత్రానికి, డబ్బుంటే కొనండి, కానీ ఫైరింజన్ క్యాబిన్‌లో వదిలేయొద్దు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మూసిన క్యాబిన్ 50 డిగ్రీలు దాటడం ఎంతసేపు! ఛాతీకి అంటించే దాని ప్యాడ్ల మీద జిగురు ఎండిపోతుంది. స్టేషన్ లోపల నీడలో ఉంచి, కాల్ రాగానే తీసుకెళ్లే బాధ్యత ఒకరికి అప్పగించాలి.

ఇక ట్రైనింగ్. బేసిక్ లైఫ్ సపోర్ట్ కోర్సు ఒక పూటలో అయిపోతుంది, సర్టిఫికెట్ మామూలుగా 2 ఏళ్లు చెల్లుతుంది, కానీ చెయ్యి మాత్రం కొన్ని నెలలకే మర్చిపోతుంది. కాబట్టి కోర్సు ఫీజుతో పాటు ఛాతీ నొక్కడం (సీపీఆర్) సాధన చేసే బొమ్మ ఒకటి స్టేషన్‌లోనే ఉండేలా కొనివ్వండి. ఛాతీ నొక్కడం నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకి 2 శ్వాసలు, 2 నిమిషాలకోసారి మనిషి మారాలి. ఇదంతా ఫ్యాన్ కింద కాకుండా బూట్లు, హెల్మెట్ వేసుకుని చేయిస్తే ఎంత త్వరగా అలిసిపోతారో వాళ్లకే తెలుస్తుంది. కిట్ బ్యాగ్‌ని కూడా ఓసారి లైట్లు ఆపి తెరిపించండి, ఏ జేబులో ఏముందో తడిమి చెప్పగలగాలి.

కిట్ ఇవ్వడానికి ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరిగే అగ్నిమాపక వారోత్సవాలు మంచి సందర్భం, శాలువాలు, ఫొటోలు మామూలే. కానీ ఆ రోజే స్టేషన్ ఆఫీసర్‌తో కూర్చుని సిలిండర్ ఎక్కడ నింపించాలి, గడువు తీరిన ప్యాడ్లు, వాడేసిన డ్రెస్సింగ్‌లు ఎవరు కొనాలి అనేది కాగితం మీద రాసుకోండి.